చెన్నకేశవ ఇంటి పియానో

హోసూరు పక్కనున్న మూకండపల్లిలో చెన్నకేశవ ఇల్లు ఏదని అడిగితే, "పియానో ఆయన ఇల్లా?" అని చెయ్యి చాపి చూపించేవాళ్ళు. ఆ పేటలో అందరూ షిఫ్టులకు పోయివచ్చే కార్మికులే. చెన్నకేశవా అంతే. ఎర్రగా కాలిన ఇనుమును పెద్ద సుత్తి మిషను కింద సాగగొట్టే కర్మాగారంలో ఆపరేటరు. సూళగిరి దగ్గర మెట్ట సేద్యం చేసుకొనే ఇంట పుట్టి, కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి చదువుకొన్నాడు. ఆ బడిలో ప్రార్థనకు పియానో వాయించే టీచరమ్మ ఒకామె, పల్లె నుంచి వచ్చిన ఈ పిల్లవాడికి మంచి చెవి ఉందని కనిపెట్టి, సెలవు రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది.

తొంభై రెండులో హోసూరులో ఒక పాత బంగళా పడగొడుతుంటే, అందులో మూలనపడిన పియానోను చెన్నకేశవ కొన్నాడు. పియానోలు మోయడం తెలిసినవాళ్ళను పెట్టి తెప్పించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఊరి నుంచి చిన్నాయన కొడుకులు ట్రాక్టరు తెచ్చారు. ట్రాలీలో వరిగడ్డి పరిచి, ఎడ్లకు కట్టే మోకులతో బిగించారు.

"కేశవన్నా, ఇది కాడెద్దు కన్నా బరువుండాదే!" అని వాళ్ళు నవ్వుతుంటే, గుంతల్లో ట్రాలీ ఎగిరినప్పుడల్లా లోపలి తీగలన్నీ ఒక్కసారిగా మూలిగాయి. ఇంటికొచ్చేసరికి, వేళ్ళతో నొక్కే మెట్లలో కొన్ని పలకనే లేదు. చెన్నకేశవ దిగులుపడలేదు. మూత విప్పి కూర్చొని, ఎక్కడ ఏది పట్టేసిందో, ఏ తీగ ఎంత దిగిపోయిందో చెవితోనే పట్టుకొని, నెలరోజులు తంటాలుపడి దాన్ని దారికి తెచ్చాడు.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ పియానోవే. కూతురు సౌందర్యకు తనే నేర్పాడు. భార్య మంజులమ్మకు సంగీతం ఒక్క ముక్క రాదు. అయినా చాటలో బియ్యమో పప్పో పెట్టుకొని వాకిట్లో కూర్చొని, ఆయన ఆపేదాకా లేచేది కాదు.

కొన్నేళ్ళకు కుడిచేతి వైపు చివరి సన్న మెట్లు పలకడం మానేశాయి. తీగలు తెగలేదు. ఎంత వెదికినా లోపం దొరకలేదు. చివరికి బెంగుళూరు నుంచి శ్రుతి చేసే ఆయన్ను పిలిపించాడు. ఆయన ఆ మెట్లను ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"బాగానే పలుకుతా ఉండాయి గదప్పా, దీనికేం రోగం?" అన్నాడు.

చెన్నకేశవ తనే మళ్ళీ నొక్కాడు. వేలు కింద కర్ర తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. తలెత్తి చూస్తే, గుమ్మంలో సౌందర్య తలూపుతోంది, వినబడుతోందన్నట్టు.

డాక్టరు ఎక్కువసేపు తీసుకోలేదు. ఇన్నేళ్ళ సుత్తి మోతకు చెవుల్లో నరాలు పోయాయన్నాడు. పోయినవి తిరిగి రావని, ఉన్నవి కూడా మెల్లగా పోతాయని చెప్పాడు. కర్మాగారంలో మోత తగలకుండా చెవుల్లో పెట్టుకొనే బిరడాలు ఇచ్చేవాళ్ళు. ఉక్కపోతకు చిరాకుపడి, పక్కవాడి కేక వినబడదని, అందరిలాగే ఆయనా తీసి జేబులో వేసుకొనేవాడు.

ఉద్యోగం మానే వీలు లేదు. సంగతి ఇల్లు దాటకుండా దాచుకొని, వినబడినంత మేర వాయించుకొంటూ వచ్చాడు. ఏడాదికేడాది ఆ మేర ఎడమచేతి వైపుకు జరుగుతూ పోయింది.

సౌందర్యకు పెళ్ళయింది. కృష్ణగిరిలో బడిపంతులమ్మగా చేరి, అక్కడే కాపురం పెట్టింది. రెండువేల నాలుగులో ఒకసారి పుట్టింటికి వచ్చింది. కూతురు వచ్చిందన్న సంబరంతో చెన్నకేశవ పియానో ముందు కూర్చొని, ఆమె చిన్నప్పుడు తను కట్టిన పాట ఎత్తుకొన్నాడు. సగంలో తలతిప్పి చూశాడు. సౌందర్య పెదవి కొరుక్కొని వాళ్ళమ్మ వైపు చూస్తోంది. మంజులమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపుతోంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఏమైంది? చెప్పు పాపా."

సౌందర్య దగ్గరికొచ్చి చెవి పక్కన గట్టిగా చెప్పింది. "శ్రుతి పోయుండాది నాయనా. ఒకటీ సరిగ్గా లేదు."

"ఎన్నాళ్ళాయ?"

సౌందర్య మళ్ళీ తల్లి వైపు చూసింది. చెన్నకేశవ భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

"ఏడాదయి ఉంటాది," అంది మంజులమ్మ.

"మరి దినమూ వచ్చి కూర్చుంటివే! చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు మానుకొంటావని."

ఆయన మెల్లగా మూత వేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఒక్కటే మాట అన్నాడు, "దాన్ని సౌందర్య ఇంటికి పంపిస్తాం."

తల్లీకూతుళ్ళు ఎంత చెప్పినా వినలేదు. మళ్ళీ ట్రాక్టరు తెస్తామని ఊరి నుంచి తమ్ముళ్ళు వచ్చారు. చెన్నకేశవ ఒప్పుకోలేదు. పియానోలు మోసే పనివాళ్ళే కావాలన్నాడు.

"ఆ పొద్దు తెచ్చింది మేమే కదన్నా!" అన్నాడు పెద్దవాడు వెంకటరామప్ప, చిన్నబుచ్చుకొని.

"ఆ పొద్దు చెడితే నాకు తెలిసేదిరా. నేనే సరిజేసుకొన్నాను. ఇప్పుడు చెడినా నాకు తెలీదు. అందుకే, చెడకుండా తీసుకపోయేవాళ్ళు కావల్ల."

వెంకటరామప్ప అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

బెంగుళూరు నుంచి మూసిన వ్యానులో పనివాళ్ళు వచ్చారు. వాళ్ళ మేస్త్రీ ప్రసాదు కోలారు మనిషి. గుమ్మం కొలిచాడు, వాకిలి మెట్ల మీద చెక్కలు పరిపించాడు, కంబళ్ళు సిద్ధం చేయించాడు. అప్పుడు చెన్నకేశవ దగ్గరికొచ్చి మర్యాదగా అడిగాడు. "సార్, ఎత్తేముందు మీరొక్కసారి అన్ని మెట్లూ వాయించి చూపించల్ల. మా చేతిలో చెడిందని రేపు మాట రాకూడదు."

చెన్నకేశవ కూర్చున్నాడు. ఎడమ చివర నుంచి ఒక్కొక్క మెట్టే నొక్కుకొంటూ వచ్చాడు. అడుగునున్న బొంగురు స్వరాలు లీలగా అందాయి. నడుమకు వచ్చేసరికి అవీ సన్నగిలిపోయాయి. ఆ తర్వాత ఏమీ లేదు. అయినా వేళ్ళు ఆగలేదు. కుడి చివరిదాకా నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకొన్నాడు.

"అన్నీ పలికినాయా?" అని ప్రసాదును అడిగాడు.

ప్రసాదుకు అప్పుడు అర్థమైంది. దగ్గరికి వంగి, "పలికినాయి సార్, అన్నీ పలికినాయి," అన్నాడు.

కంబళ్ళు చుట్టి, పట్టీలు బిగించి, చక్రాల బల్ల మీదికెక్కించి, వాళ్ళు దాన్ని గుమ్మం దాటించారు. ఎక్కడా ఒక్క దెబ్బ తగల్లేదు. కృష్ణగిరిలో సౌందర్య ఇంట్లోనూ అంతే జాగ్రత్తగా దించారు. గది వేడికి అలవాటు పడనిచ్చి, కొన్ని వారాల తర్వాత శ్రుతి చేయించారు. ఆ రోజుకు రమ్మని కూతురు ఎంతో బతిమాలింది. మంజులమ్మ ఒక్కతే వెళ్ళింది. ఆయన షిఫ్టుకు పోయాడు.

ఆ తర్వాత ఆయన పియానో ముట్టుకోలేదు. పదవీ విరమణ నాటికి ఇంట్లో మాటలు సైగలుగా మారిపోయాయి. అప్పుడప్పుడు సాయంత్రం సౌందర్య ఫోను చేసి, అమ్మ కోసం ఏదో ఒకటి వాయించేది. మంజులమ్మ కళ్ళు మూసుకొని వినేది. అయిపోయాక చెన్నకేశవ ఏం పాట అని చేత్తో అడిగేవాడు.

ఆమెకు పాటల పేర్లు తెలియవు. ప్రతిసారీ ఆయన వైపే వేలు చూపించేది, నీదేనని.