దూరంగారి అరనిమిషం

ఈ పేజీ తెరిచాక మీరు ఎన్నిసార్లు రెప్ప వేశారు? తెలియదు కదా. మా ఆఫీసులో అయితే ఈపాటికి చీవాట్లు పడి ఉండేవి. న్యాయశాస్త్రం చదివి, అన్యాయం అంతు చూద్దామని నేను చేరిన వకీలు ఆఫీసులో పెద్దగుమాస్తా ఒకాయన ఉన్నారు. ఇరవై నిమిషాలకొకసారి పేపర్‌వెయిట్‌తో బల్ల మీద కొట్టి “దూరం” అంటారు. ఎక్కడి పని అక్కడ ఆగాలి. అందరూ కుర్చీలు తిప్పుకుని, కిటికీలోంచి ఎదుటి మేడను అరనిమిషం చూడాలి. ఆయన అసలు పేరు ఎప్పుడో మరుగునపడింది. దూరంగారు అంటేనే పలుకుతారు.

మూడు నెలల్లో నాకు చట్టం కంటే ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలే ఎక్కువ వంటబట్టాయి. నీలం తువ్వాలుకు చిరుగు ఏ మూల ఉందో బోనెక్కి ప్రమాణం చేసి చెప్పగలను.

కాగితానికీ ముక్కుకూ మధ్య అడుగుబద్ద పెట్టి కొలిచేవారు. వెలుతురు ఎడమ పక్కనుంచి పడకపోతే దీపాన్ని కాదు, మనిషినే కుర్చీతో సహా తిప్పేవారు. ఒకసారి విడాకుల కేసు మీద వచ్చిన ఒకావిడ వెక్కివెక్కి ఏడుస్తోంది. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటూ ఉండగానే ఆయన మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందు పెట్టి, “ఏడవండమ్మా, కన్నీళ్ళు కంటికి మంచివే. చేత్తో మాత్రం రుద్దకండి,” అన్నారు. ఆవిడ ఏడుపు ఆపి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

అంతకంటే మండించినది ఆయన పెట్టిన చదివింపు. ప్రతి చిత్తుప్రతినీ జూనియర్లు పైకి చదవాలి. వెనక బల్ల దగ్గర టైపిస్టు అక్కయ్య విని టైపు కొట్టాలి.

“నేను లా చదివింది తూర్పున కాలువ, పడమర గోడ అని హద్దులు అప్పజెప్పడానికా అండీ?” అన్నాను ఒకరోజు.

“నోరు ఎంత వాడినా అరగదమ్మాయ్. నీది అసలే అరగదు. చదువు.”

ఒక గురువారం, అప్పీలు దాఖలుకు గంట మాత్రమే మిగిలి ఉండగా ఆయన బల్ల కొట్టారు. ఎలాగో గడువులోపే దాఖలు చేశాం గాని, ఆ సాయంత్రమే నేను ఆఫీసు నడిపే సీనియర్ గారికి రెండు పేజీల ఫిర్యాదు రాసి ఇచ్చాను. విరామాల సంఖ్య, వృథా అయిన నిమిషాలు, కక్షిదారుల ప్రయోజనాలకు కలిగే భంగం, అన్నీ వరుసగా. సీనియర్ గారు సంతోషంగా చదివారు.

“సోమవారంనుంచి దూరమూ లేదు, చదివింపూ లేదు. ఎవరి కాగితం వాళ్ళే చూసుకోవాలి. వెనకబడినవాళ్ళు ఇంటికి పోవచ్చు,” అన్నారు.

గెలిచానన్న గర్వంతో రెండు రోజులు తిరిగాను.

శనివారం దూరంగారు యథాప్రకారం బల్ల కొట్టారు. నేను పంతానికి కిటికీ వైపు తిరగలేదు. అందుకే చూశాను. అందరి వీపులూ తన వైపు ఉన్న ఆ అరనిమిషంలో అక్కయ్య సొరుగులోంచి చిన్న సీసా తీసి కళ్ళలో చుక్కలు వేసుకుంది. తరువాత ఒక కాగితాన్ని చెంపకు తగిలేంత దగ్గరగా పట్టుకుని, వేలితో వరుస వెతుక్కుంది. దొరకలేదు. దూరంగారు చప్పుడు కాకుండా వెళ్ళి, సరైన వరుస కింద అడుగుబద్ద ఆనించి వచ్చారు.

ఆయనను వరండాలోకి లాక్కుపోయినంత పని చేశాను. “ఎన్నాళ్ళుగా ఇది?”

“రెండేళ్ళు. పోయిన చూపు రాదట. ఉన్నది నిలవాలంటే వేళకి మందు, మధ్యమధ్య విశ్రాంతి. ఆవిడ ఒక్కతే పని ఆపితే సీనియర్ గారు ఊరుకుంటారా? అందుకే అందర్నీ ఆపాను. పిచ్చి నాకనుకుంటే ఆవిడ జోలికి ఎవరూ పోరు కదా.”

నాకు జాలి వేయాల్సింది. కోపమే వచ్చింది. ఆయన మీద, సీనియర్ గారి మీద, అన్నిటికంటే ఎక్కువ ఆ రెండు పేజీల మీద.

“నాకొక్క మాట చెబితే ఆ ఫిర్యాదు రాసేదాన్నా?”

“అందరికీ చెబితే ఇక దాచడమేంటమ్మా?”

“దాచడమే తప్పంటున్నాను. పని పద్ధతి మార్చమని రాసి అడగాలి. అది ఆవిడ హక్కు, మీరు పెట్టే భిక్ష కాదు.”

“అడిగితే తీసేస్తారు.”

“అడక్కపోయినా సోమవారం తీసేస్తారు.”

“నాకు చెవులు బాగానే ఉన్నాయి,” అంది అక్కయ్య, మా వెనక గుమ్మంలోంచి. “నా ఉద్యోగం సంగతి నన్నడక్కుండా ఇద్దరూ భలే తేల్చేస్తున్నారే. రాయి చెల్లీ. నేను సంతకం పెడతా.”

రాశాను. నా ఫిర్యాదును ఉపసంహరించుకుంటూ ఒక పేరా. విని టైపు చేసే పద్ధతి కొనసాగాలనీ, విరామాలు ఆఫీసు నియమంగానే ఉండాలనీ మరో పేరా. అక్కయ్య సంతకం చేసింది. దూరంగారు కాగితాన్ని మూరెడు దూరంలో పెట్టుకుని రెండుసార్లు చదివి, కలం తీసి అడుగున ఒక వాక్యం చేర్చారు: “ఈమెను తీసేసిన రోజునే కొత్త పెద్దగుమాస్తాను కూడా వెతుక్కోగలరు.”

“ఇది బెదిరింపు కిందికి వస్తుంది బాబాయిగారూ. కొట్టెయ్యండి,” అన్నాను.

“రావాలనే రాశాను.”

ఆయన ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు. దాని కింద సంతకం పెట్టి, సోమవారం దాకా ఆగకుండా అప్పుడే సీనియర్ గారి గదిలోకి నడిచారు.