వెంకటరావమ్మ కొట్లో సర్వరు

మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినందువల్లనో ఏమో, వెంకటరావమ్మ మాట గట్టిగా ఉండేది. నవ్వు ఇంకా గట్టిగా ఉండేది. భర్త పోయాక తమ్ముడు ఉమామహేశ్‌ని తోడు పెట్టుకుని బెజవాడ గవర్నర్‌పేటలో చేనేత చీరల కొట్టు ఆమే నడిపింది. రెండువేల మూడులో కౌంటరుకో కంప్యూటరు పెట్టించింది.

అయితే ధరలూ బిల్లులూ అన్నీ ఉమామహేశ్ ముందున్న కంప్యూటర్లోనే ఉండేవి. మిగతా కౌంటర్లలోని కంప్యూటర్లు ప్రతి ధరకీ దాన్నే అడగాలి. అతను అందులోనే పేకాట ఆడేవాడు, పాటలు వినేవాడు.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు కొట్టు కిటకిటలాడుతోంది. ఉమామహేశ్ హుషారుగా ఓ కొత్త సీడీ పెట్టాడు. పాట ఎత్తుకుంటూనే ఆగిపోయింది. దాంతోపాటు అన్ని కౌంటర్లూ ఆగిపోయాయి.

"అక్కా, బిగుసుకుపోయింది!"

కంకిపాడు పెళ్లివారు చీరలు భుజాన వేసుకుని నిలబడిపోయారు. వాళ్లలో పెద్దావిడ మంగాయమ్మ, "ఏవండీ, బస్సు తప్పిందంటే పెళ్లికూతుర్ని మీ కొట్లోనే వదిలేసి పోతాం!" అంది.

"వదిలెయ్యండి, చీరలకి కొదవా ఇక్కడ!" అంటూ వెంకటరావమ్మ అందరికీ గోలీసోడాలు తెప్పించింది. ఎవరో పెళ్లిపాట అందుకున్నారు. కొట్టంతా గొంతు కలిపింది. కంప్యూటర్లు బాగుచేసే కోటి వచ్చేసరికి అక్కడ బేరం లేదు, పేరంటం నడుస్తోంది.

అతను ఆగిపోయిన కంప్యూటర్ని లేపి, "లెక్కలకి సర్వరని వేరే కంప్యూటరు పెట్టించండమ్మగారూ. అందరికీ సమాధానం చెప్పడమే దాని పని. దాని మీద ఆటల్లేవు, పాటల్లేవు. కరెంటు పోయినా నడిచే ఏర్పాటు చేస్తాను. ఏ రోజు లెక్కలు ఆ రోజు ఇంకోచోట కూడా దాస్తుంది," అన్నాడు.

"అంతేలే. పాలిచ్చే గేదెని బండికి కడితే పాలూ ఉండవు, బండీ కదల్దు. పట్రా!"

సర్వరు వచ్చిన రోజు జోరున వాన. రిక్షాలో అట్టపెట్టె మీద గొడుగు పట్టి, తను మాత్రం తడుస్తూ, వెంకటరావమ్మ వీధంతా నడిచింది. పక్కనున్న స్టీలు సామాన్ల బంగార్రాజు గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"ఎవరండీ అందులో, కొత్తకోడలా?"

"అంతకన్నా ఎక్కువండీ! దీనికి ఏసీ గది కూడా!"

మేడమీద గదిలో దాన్ని పెట్టి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చింది. కొబ్బరికాయ మాత్రం బయట కొట్టమని కోటి బతిమాలాడు.

దసరా బేరాల్లో ఉమామహేశ్ కంప్యూటరు మళ్లీ బిగుసుకుంది. "అక్కా!" అని కేకేశాడు. పక్క కౌంటర్లో బిల్లు టకటకా బయటికొచ్చింది. ఆ పక్కదాంట్లో ఇంకోటి. వెంకటరావమ్మ చిన్నపిల్లలా కౌంటరు కౌంటరుకీ పరుగెత్తి చూసింది. "నడుస్తోందిరా! నువ్వు ఆగినా కొట్టు ఆగలేదురా!" అంటూ తమ్ముడి బుగ్గలు పట్టుకుని ఊపేసింది. బేరానికొచ్చిన వాళ్లకి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆమె నవ్వు చూసి వాళ్లూ నవ్వారు.

మర్నాడు బంగార్రాజు వచ్చి అడిగాడు: "ఉన్న కంప్యూటరు చాలదాండీ? దానికో గది ఎందుకు?"

"మీరు వంటింట్లో పడుకుంటున్నారా? రండి పైకి, చెప్పులు విప్పండి," అంటూ ఆమె ముందు మెట్లెక్కింది.

ఆయన ఏసీ గదిలో చాలాసేపు కూర్చున్నాడు. కిందికి దిగుతూనే కోటి ఫోన్ నంబరు అడిగాడు.