నాన్నగారి మొలతాడు చాకు

మా చిన్నప్పుడు... అంటే తొంభైల్లో... మా ఊళ్ళో మగాళ్ళ మొలతాడుకి తాళంచెవి ఉన్నా లేకపోయినా మడత చాకు మాత్రం వేలాడేది. పి.గన్నవరం దాటాక మా ఊరు. పోకచెక్క కోయాలన్నా, ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా, కాలవగట్టు మీద కూర్చుని మామిడికాయ చీరాలన్నా చెయ్యి నడుం దగ్గరికే పోయేది.

మా నాన్నగారి చాకుది కొయ్యపిడి. అరిగి అరిగి నున్నగా అయిపోయింది. పెళ్ళి పందిరి వేసేటప్పుడు ఎవరో ఒకరు కేకేసేవారు.

"వెంకన్నగారూ, చాకుందాండీ?"

"ఆయ్, లేకేవండీ!"

ఆ పిలుపంటే ఆయనకి ఎంత ఇష్టమో! కానీ చాకు ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. చేతికిస్తే తగువొస్తుందట. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. ఓసారి అమ్మ చెయ్యి చాపితే, "మనకున్న తగువులు చాలవా ఏంటే?" అని నవ్వారు.

తర్వాత... రెండువేలు దాటాక... నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. నా ఆఫీసు చూడ్డానికి నాన్నగారు సంచి నిండా బంగినపల్లి పళ్ళతో దిగారు. "మీ వాళ్ళందరికీ నేనే కోసి పెడతానమ్మా" అని దారంతా అదే మాట.

గేటు దగ్గర మెటల్ డిటెక్టరు కుయ్యిమంది. నాన్నగారు మొలతాడు నుంచి చాకు విప్పి బల్ల మీద పెట్టబోయారు. "అక్కడ కాదు పెద్దాయనా, చేతికియ్యి... వెనక లైనుంది" అని సెక్యూరిటీ అతను విసుక్కున్నాడు. నాన్నగారు వెనక్కి చూశారు, నావైపు చూశారు... చేతికిచ్చేశారు. నాకు బుద్ధి తెలిశాక ఆయన అలా ఇవ్వడం అదే మొదటిసారి.

లోపల క్యాంటీన్లో ప్లాస్టిక్ చాకు ఇచ్చారు. అది తొక్కలో కూడా దిగలేదు. పళ్ళు సంచిలోనే ఉండిపోయాయి. నాన్నగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చూడలేకపోయాను.

సాయంత్రం గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. గేటు దగ్గర తీసుకున్నవన్నీ వేసే డబ్బాలో చాకు లేదు. "డ్యూటీ మారింది మేడమ్, నాకు తెలీదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను గొంతు పెంచేలోపే నాన్నగారు ఆపేశారు.

"ఊరుకోమ్మా, ఆయన్ననడం ఎందుకూ? నేనే కదా చేతికిచ్చేను... తగువు రాకేం చేస్తాది!"

పళ్ళ సంచి నా దగ్గరే వదిలేసి బస్సెక్కేశారు.

మళ్ళీ చాకు కొనుక్కోలేదాయన. నేను కొనిస్తానన్నా, "ఇప్పుడెవరడుగుతున్నారమ్మా?" అన్నారు. నిజమే... వక్కపొడి పొట్లాల్లో వస్తోంది, పళ్ళు ముక్కలై డబ్బాల్లో వస్తున్నాయి. ఎక్కడికెళ్ళినా గుమ్మంలోనే ఒళ్ళు తడిమి చూస్తున్నారు. ఎవరితో వాదిస్తాం? ఓపిక కూడా లేదు.

మొన్న మా ఇంటికొచ్చినప్పుడు కొరియర్లో అట్టపెట్టె వచ్చింది. దాని టేపుని గోళ్ళతో పీకుతూ కూర్చున్నారు. చెయ్యి ఓసారి నడుం దగ్గరికి వెళ్ళి, ఊరికే తిరిగొచ్చింది. అప్పుడు నన్నడిగారు.

"చాకుందా అమ్మా?"

ఊరంతా ఆయన్ని అడిగిన మాట అది... వంటింట్లోంచి చాకు తెచ్చాను. చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టాను. ఆయన తీసుకున్నారు.

మీ ఊళ్ళో ఆ మాట ఎవరిని అడిగేవారండీ? వాళ్ళ చాకు ఇప్పుడెక్కడుందో... తెలిస్తే రాయండి.