బ్రేకు నొక్కిన సమయం

గనిలోకి కార్మికులను దించే లిఫ్టుకు బ్రేకు వేయించే ప్రోగ్రాం ఆవిడ బృందం రాసింది. ఆరుగురికి ఆవిడే పెద్ద. ఎన్నిసార్లు పరీక్షించినా "మళ్లీ చేయండి" అంటుందని, చాటుగా అందరూ 'మళ్లీ మేడం' అనుకునేవాళ్లు. అది ఆవిడకూ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఒక పొద్దున లిఫ్టు ఆగాల్సిన చోట ఆగక అడుగున గుద్దుకుంది. ఇద్దరు పోయారు. "సమయానికే నొక్కాను, బ్రేకు పట్టలేదు" అని ఆపరేటర్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. అతను మూడు సెకన్లు ఆలస్యంగా నొక్కాడని యంత్రంలోని రికార్డు చూపించింది. విచారణలో ఆవిడను అడిగారు.

"మనిషి పొరబడొచ్చు కానీ, రికార్డు పొరబడదండి" అంది. అతని ఉద్యోగం పోయింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఇంజనీరు ప్రసూతి సెలవు మీద వెళ్తూ పరీక్షల గదిలో నమూనా యంత్రాన్ని ఆపడం మరిచిపోయింది. అది తనంతట తానే బ్రేకు నొక్కుకుంటూ యాభై రోజులుగా నడుస్తూనే ఉంది. ఆపబోతూ ఆవిడ ఫలితాలు చూసింది. ఒక్క చోట బయటి గడియారానికీ రికార్డుకీ మూడు సెకన్ల తేడా. అన్ని రోజులు ఆపకుండా నడిస్తే లోపలి గడియారం లెక్క హద్దు నిండిపోయి మళ్లీ సున్నాకి వస్తోంది. సరిగ్గా అప్పుడు నొక్కిన బ్రేకు ఆలస్యంగా పడుతోంది, నొక్కిందే ఆలస్యంగా అని రికార్డవుతోంది. ఇది ముందే ఎందుకు బయటపడలేదో కూడా ఆవిడకు అర్థమైంది. గనిలో యంత్రం రాత్రీపగలూ ఆగదు; పరీక్షల గదిలో మాత్రం రోజూ సాయంత్రం యంత్రాలన్నీ ఆపి వెళ్లాలన్న నియమం తను పెట్టిందే.

"కేసు ముగిసిపోయింది. గుట్టుగా సరిచేసి పంపేద్దాం" అన్నాడు మేనేజర్.

"మరి ఆ ఆపరేటర్ సంగతి?"

"ఆయన్ని తీసేసింది మనం కాదు కదమ్మా."

ఆ మధ్యాహ్నమే ఆవిడ విచారణ సంఘానికి ఉత్తరం రాసి సంతకం పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందన్నారు ఆఫీసులో. భోజనాల బల్ల దగ్గర పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఆవిడ ఆపరేటర్ ఇంటికి వెళ్లింది. అతను ఇప్పుడు ఇంట్లోనే కూలికి బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆవిడను చూసి ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. అతని భార్య కూర్చోమనలేదు.

"మీరు సమయానికే నొక్కారు. తప్పు మాది" అంది ఆవిడ.

అతను ఇస్త్రీ చేస్తున్న చొక్కా మడిచి పక్కన పెట్టాడు.

"మొదట్లో నాకూ తెలుసమ్మా. అందరూ ఆలస్యంగా నొక్కావనే అంటుంటే నేనే ఏమరుపాటున ఉన్నానేమో అనుకున్నా. పోయినవాళ్ల ఇళ్లకెళ్లి, నా వల్లేనని కాళ్లు పట్టుకున్నా. ఒకాయన తల్లి చెంప మీద కొట్టింది."

"క్షమించమని అడగడానికి..."

"కళ్లు మూస్తే నా చెయ్యి ఆలస్యంగా కదలడమే కనిపిస్తుంది. అది జరగనే లేదంటున్నారు. మరి దాన్నేం చేసుకోమంటారు?"



"ఇక వెళ్లండి" అంది అతని భార్య.

విచారణ మళ్లీ తెరిచారు. అలాంటి లిఫ్టులన్నిటినీ ఆపి సరిచేశారు. బాధ్యత ఆవిడదేనని బృందం నుంచి తప్పించారు. నిజమే కనుక ఆవిడ వాదించలేదు. ఆపరేటర్‌ను తిరిగి పిలిచారు. మొదటి రోజు అతను వెళ్లి కుర్చీలో కూర్చున్నాడట. కార్మికులు లిఫ్టు ఎక్కి తలుపు వేసుకున్నాక, మీట మీద చెయ్యి వేయలేక లేచి ఇంటికి వచ్చేశాడట.