జానమ్మ చూసిన ఏడు రంగులు

పందొమ్మిది వందల అరవై రెండు నాటికి మా మర్రిగూడ జానమ్మకు చూపు పోయి ఏడాదైంది. చెవుల గాట్లు తడిమి తన గొర్రెలను గుర్తుపట్టేది. కొడుకు కాటమయ్యకు తెలిస్తే మందవెంట పోనివ్వడని ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు బడిలో మనవరాలు శ్యామల నీళ్లపళ్లెంలో అద్దం పెట్టి, ఎండను గోడ మీద ఏడు రంగులుగా చూపించబోయింది; చూడటానికి జానమ్మ, కాటమయ్య కూడా వచ్చారు. అంతకుముందు ఆ పాఠం ఇంట్లో వల్లెవేస్తుంటే జానమ్మ రోజూ వినేది.

"అవ్వా, గోడమీద ఏమేం రంగులున్నయి?" అద్దం సర్దుతూ శ్యామల అడిగింది.

"ఎర్రది, పసుపు, ఆకుపచ్చ... మస్తున్నయి బిడ్డా!"

పిల్లలు పకపకా నవ్వారు. కాటమయ్య మాత్రం నవ్వలేదు.

"మబ్బు పట్టింది గదనే అమ్మా. గోడమీద ఏం లేదు."

జానమ్మ చెయ్యి చాచి గోడ తడిమింది.

"రేపటిసంది మందవెంట నేను పోత," అన్నాడు కాటమయ్య.

"మరి నేనేం జెయ్యాల్రా?"

కాటమయ్య తల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాడు.