రౌటర్ రాకముందు రాసిన మొదటి లైను

కోడూరు ఆఫీసుకు రౌటర్ వస్తోందన్న కబురు నాకు మొదట చెప్పింది మా అటెండరు బాబాయి. అప్పట్లో నేను బందరు కలెక్టరాఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుని. టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, "పెట్టె ఇంకా దారిలోనే ఉందంటమ్మా. అది వచ్చేలోపు అందులో ఎక్కించాల్సిందంతా నిన్నే రాసిపెట్టమన్నారు" అన్నాడు.

ఒక ఆఫీసు కంప్యూటర్ల మాటను ఇంకో ఆఫీసుకు దారి చూపి పంపేది రౌటర్. ఏ దారి ఎటో ముందుగా దానికి రాసి ఇవ్వాలి. ఆ రాతే కాన్ఫిగరేషన్. హైదరాబాదు ఇంజనీరుగారు ఫోనులో చెబుతుంటే నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఒక్క అంకె తప్పినా బందరుకు కోడూరు కనబడదన్నారు.

గాలి లేస్తే కోడూరున్న దివిసీమలో ముందు ఒరిగేవి టెలిఫోను స్తంభాలే. ఆ తర్వాత హెచ్చరికలు అందాలంటే మేడమీది యాంటెన్నాకు తగిలించే ఈ పెట్టె ఒక్కటే ఆధారం. కోడూరు దిగువనున్నవన్నీ సముద్రంలో చేపల వేటకు వెళ్లే పల్లెలు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా అన్నం సహించేది కాదు.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పి ప్రైవేటుగా పరీక్షలు రాయించారు. కాగితం పైన శ్రీరామ అని రాయందే ఏదీ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ఆ అలవాటుకొద్దీ కాన్ఫిగరేషన్‌ను కంప్యూటర్లో కొట్టిన ఫైల్లోనూ మొదటి లైనుగా ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ అని కొట్టాను. కింది అంకెలను వారం రోజులు సరిచూశాను. పై లైను జోలికి పోలేదు. అందులో తప్పుంటుందని తోచలేదు.

ఫైలు ఎక్కించి పంపిన నా ఫ్లాపీ, ఆ పెట్టె కోడూరు చేరిన రోజునే వాయుగుండం కబురూ వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. ఇంజనీరుగారు రాలేనన్నారు. అక్కడున్నది గుమాస్తాగారొక్కరే, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మావయ్యగారూ అనేదాన్ని. మధ్యాహ్నం ఆయన ఫైలు ఎక్కించి ఫోను చేశారు.

"ఆగిపోయిందమ్మాయ్. శ్రీరామ అని చూపించి కదలడం లేదు. మీ రాముణ్ణి వెతుక్కుంటున్నట్టుంది."

ఆయన నవ్వుతూ అన్నదే నిజం. ఆ మాటను ఏదో కంప్యూటరు పేరనుకుని రౌటర్ దానికోసం గాలిస్తోంది. ఆ సందులో కింది లైన్లన్నీ పోయాయి. ఫోనులో గాలి హోరు వినిపిస్తోంది.

"పెట్టె ఆపి మళ్లీ వేయండి మావయ్యగారూ. ఫైల్లో ఆ మొదటి లైను తీసేసి ఎక్కించండి."

"దేవుడి పేరు నా చేత్తో కొట్టేయమంటావా?"

"పాపం నాది. తొందరగా కానివ్వండి."

"నీకొక్కదానికే ఎందుకులే, చెరి సగం" అన్నారు.

కీబోర్డు చప్పుడు వింటూ కూర్చున్నాను. మనసులో జపం సగంలో తెగిపోతోంది, మళ్లీ మొదటికి వెళ్తున్నాను. "లైన్లు పరుగెడుతున్నాయమ్మాయ్, పచ్చ లైటు..." అంటుండగానే ఫోను మూగబోయింది. అటు స్తంభం పడిందో, కప్పే పడిందో తెలియదు. నా కంప్యూటర్లో కోడూరు రౌటర్ అంకె కొట్టి పిలిచాను. మొదటిసారి జవాబు లేదు. రెండోసారీ లేదు. మూడోసారికి వచ్చింది.

సాయంత్రం దాకా ప్రతి హెచ్చరికా ఆ దారినే వెళ్లింది. అందిందని అటునుంచి ఒక్కో ముక్క తిరిగొచ్చింది. గుమాస్తాగారు తన ఇంటివాళ్లను తుఫాను షెల్టరుకు పంపేసి, తను మాత్రం కుర్చీ వదల్లేదట. గాలి పక్కకు తిరిగింది. పల్లెలవాళ్లు అప్పటికే గట్టెక్కి ఉన్నారు.

లింకు ఆలస్యమెందుకైందని తర్వాత పై అధికారి అడిగారు. నేను నోరు తెరిచేలోపే గుమాస్తాగారు, "నా వేళ్లు నెమ్మదండి, ఒకసారి తప్పు నొక్కాను" అన్నారు. నా ఉద్యోగం నిలిచింది. ఆయన ఇప్పుడు లేరు. ఇది చదివినవారు దీపం పెట్టుకునే వేళ, పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, కోడూరు గుమాస్తాగారిని ఒక్కసారి తలుచుకోండి.