పలెర్మోలో పోయిన నాలుగు కేసెట్లు

ఇటలీలో పలెర్మో ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, హోటల్ గదిలో ప్లగ్ పాయింట్ మంచం వెనకాల ఉంటుందని చెప్పగలను. సెల్‌ఫోన్ సిగ్నల్ బాల్కనీలో బాగా వస్తుందని, మెట్ల మీద అస్సలు రాదని కూడా చెప్పగలను. ఆ ఊళ్లో అయిదు రోజులున్నాను.

అవి సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆఫీసులు ఎర్ర తివాచీ పరిచిన రోజులు. నేను లేకపోతే మా బ్యాంకు సిస్టమ్ కుప్పకూలిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. మా ఆవిడకి రేచీకటితో మొదలైన జబ్బు అప్పటికే చూపుని చుట్టూరా కొరుక్కుంటూ వస్తోంది. చూపు ఇంకో ఏడాది ఉంటుందేమో, మందు లేదు అన్నాడు కళ్ల డాక్టరు. ఆ రోజు మేముండే టాంపినీస్‌లో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే అంది: “ఏదైనా పాత ఊరు చూడాలండీ. ఇక్కడ అన్ని బ్లాకులూ ఒకలాగే ఉంటాయి. కళ్లు పోయినా పెద్ద తేడా తెలీదు.”

అలా పలెర్మో ప్రయాణం కుదిరింది. ఫొటోలు వద్దంది. తర్వాత వాటితో తనకేం పని? చిన్న టేప్ రికార్డర్ కొనుక్కుంది. చూసింది చూసినట్టు తన గొంతుతోనే చెప్పుకుని, చూపు పోయాక వింటుందట. ఆ ఉపాయానికి నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పలెర్మోలో ఆమె నోరు ఆగలేదు. చేపల బజారులో కత్తి ముక్కు పైకెత్తి నిలబెట్టిన చేప తల చూసి, “మన వైజాగు కొమ్ముకోనామే, ఇక్కడ దీనికి రాజభోగం” అని రికార్డర్‌తో చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి సగం కూలిన మేడ, దాని గోడ మీంచి వేలాడే ఎవరిదో దుప్పటి, నల్లబడ్డ రాతిలో సింహం మూతి, అన్నీ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, ఫోన్లో. ఒక పాత చర్చిలో పైకప్పంతా బంగారు రంగు రాతి పలుకులు అతికి చేసిన బొమ్మలట. ఆమె లోపల పైకి చూసి గట్టిగా నవ్వడం నాకు వినబడింది. నేను గుమ్మం బయట సింగపూర్‌తో మాట్లాడుతున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం చిన్న కూడలిలో శనగపిండి బిళ్లలు వేయిస్తున్న కొట్టు కనిపించింది. బయట ఒక్క టేబులే ఖాళీ. తిండికొట్లన్నీ ఒకచోట ఉండే టాంపినీస్ హాకర్ సెంటర్లో చేసినట్టే జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి టేబుల్ మీద పెట్టి చోప్ చేశాను. ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే, సింగపూర్‌లో ఎవడూ ముట్టుకోడు. గాలికి అది జారిపోతుంటే బరువుకి ఆమె సంచి తీసి పైన పెట్టాను.

“సంచి వదిలేస్తే ఫర్లేదా?” అంది.

“రోజూ పెడుతున్నదేగా. ఎవరు తీస్తారు?”

“అయితే నేనూ వస్తా. ఎలా వేయిస్తున్నాడో చూస్తా.”

పళ్లేలతో వెనక్కి వచ్చేసరికి టిష్యూ ప్యాకెట్ కుర్చీ కింద పడి ఉంది. సంచి లేదు. రికార్డర్, నిండిన నాలుగు కేసెట్లు అందులోనే. ఊరిని తిట్టాను, పోలీసుల దగ్గరికి వెళ్లాను, చెత్తకుండీలన్నీ కెలికాను. తప్పు ఊరిది కాదు, నాది. ఆమె ఏడవలేదు. మర్నాడు మళ్లీ చెప్పుకుందువుగాని, కొత్త రికార్డర్ కొంటానన్నాను. “ఉన్న ఓపికంతా అందులోనే పెట్టానండీ” అని కళ్లు మూసుకుంది. ఆఖరి రోజు గది దాటి రాలేదు.

చూపు డాక్టరు చెప్పిన ఏడాది కూడా పూర్తిగా నిలవలేదు.

చూపు పోయిన కొత్తలో ఒక సాయంత్రం వంటింట్లో కూర్చుని అడిగింది: “ఆ బంగారు పైకప్పు మీద ఏదో చూసి నవ్వాను. ఏంటది? ఎంత తలుచుకున్నా రావట్లేదు.”

“నెమలి. మెడ వంకరగా ఉంది” అన్నాను. తోకని, రంగుల్ని కూడా కల్పించి చెప్పాను. చివరిదాకా విని, “పోన్లెండి, మీరప్పుడు బయట ఫోన్లో ఉన్నారుగా” అంది.

తర్వాత మళ్లీ ఆ ఊరి ఊసెత్తలేదు. ఆ రోజు ఫోన్లో నేను సరిచేయించిన తప్పేమిటో, ఏ ప్రోగ్రాంలో ఎన్నో లైనో ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను. అది ఆమెకి అక్కర్లేదు.